సీసీఎన్‌ఏ ఎగ్జామ్‌కు ప్రిపేర్ అవుతున్నారా? డంప్స్ బట్టీ పడితే అంతే సంగతులు.. ఫీజు కట్టే ముందే ఇవి తెలుసుకోండి!

నెట్‌వర్కింగ్ ఫీల్డ్‌లోకి వెళ్లాలనుకునేవాళ్లకు మొదట వినిపించే పేరు సీసీఎన్‌ఏ. బీటెక్ అయిపోయినవాళ్లు, డిగ్రీ చదివినవాళ్లు, పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు.. అందరూ దీనివైపే చూస్తారు. కానీ ఈ ఎగ్జామ్ ఫీజు 300 డాలర్లు. అంటే మన కరెన్సీలో పాతిక వేలకు పైమాటే. దానిపై పన్ను అదనం. ఫెయిల్ అయితే మళ్లీ మొత్తం కట్టాల్సిందే.

అసలు సమస్య అది కూడా కాదు. ఎలాగోలా పాస్ అయి సర్టిఫికెట్ తెచ్చుకున్నా, ఇంటర్వ్యూలో తొలి ప్రశ్నకే తడబడితే ఏం లాభం? "ఒకే స్విచ్‌కు రెండు కంప్యూటర్లు కనెక్ట్ చేశాం. ఒకటి వీల్యాన్ 10లో, ఇంకోటి వీల్యాన్ 20లో ఉంది. మధ్యలో రూటర్ లేదు. పింగ్ వెళ్తుందా?" ఇలాంటి చిన్న ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతుంటారు. (జవాబు కింద ఉంది.)

మరి డబ్బు వృథా కాకుండా, ఇంటర్వ్యూలో నిలబడేలా ఎలా ప్రిపేర్ అవ్వాలి? పూర్తి వివరాలు ఇవీ..

అసలు సీసీఎన్‌ఏ అంటే ఏంటి?

సీసీఎన్‌ఏ అంటే సిస్కో సర్టిఫైడ్ నెట్‌వర్క్ అసోసియేట్. రూటర్లు, స్విచ్‌లు తయారు చేసే అమెరికా కంపెనీ సిస్కో 1998లో దీన్ని తీసుకొచ్చింది. ఒకప్పుడు రూటింగ్ అండ్ స్విచింగ్, సెక్యూరిటీ, వైర్‌లెస్ అంటూ వేర్వేరు సీసీఎన్‌ఏలు ఉండేవి. 2020 ఫిబ్రవరి 24 నుంచి వాటి స్థానంలో ఒకే ఎగ్జామ్ వచ్చింది. దాని కోడ్ 200-301. 2024 ఆగస్టు 20 నుంచి ఇందులో 1.1 వెర్షన్ సిలబస్ అమల్లోకి వచ్చింది. ఏఐ, మెషీన్ లెర్నింగ్ బేసిక్స్ కొత్తగా చేరాయి.

అందుకే సీనియర్ అన్న ఇచ్చిన పాత పుస్తకం, నాలుగేళ్ల కిందటి వీడియోలు పట్టుకుని కూర్చోవద్దు. చదవడం మొదలుపెట్టే రోజే సిస్కో అధికారిక సైట్‌లో ఎగ్జామ్ టాపిక్స్ లిస్ట్ డౌన్‌లోడ్ చేసుకోండి. ఒక్కో టాపిక్ అయిపోగానే టిక్ పెట్టుకోండి. ఆ లిస్టే మీ అసలైన సిలబస్.

ఈ ఎగ్జామ్ రాయడానికి ఫలానా డిగ్రీ ఉండాలన్న రూల్ లేదు. ముందు ఇంకో ఎగ్జామ్ పాస్ అవ్వాలన్న షరతూ లేదు. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. ఆలోపు మళ్లీ ఎగ్జామ్ రాసి గానీ, 30 కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ క్రెడిట్స్ సంపాదించి గానీ రెన్యువల్ చేసుకోవాలి.

ఎగ్జామ్ ఎలా ఉంటుంది?

సమయం 120 నిమిషాలు. మల్టిపుల్ చాయిస్, డ్రాగ్ అండ్ డ్రాప్ ప్రశ్నలతో పాటు ల్యాబ్ సిమ్యులేషన్స్ కూడా ఉంటాయి. అంటే స్క్రీన్ మీద రూటర్, స్విచ్ ఇచ్చి, కమాండ్స్ టైప్ చేసి కాన్ఫిగర్ చేయమంటారు.

ముఖ్యమైన విషయం ఏంటంటే.. ఒకసారి నెక్స్ట్ నొక్కితే వెనక్కి వెళ్లడం కుదరదు. మన ఈఏపీసెట్ లాంటి పరీక్షల్లో రాని ప్రశ్న వదిలేసి చివర్లో చూసుకునే అలవాటు ఉంటుంది. ఇక్కడ అది పనికిరాదు. రాకపోయినా ఏదో ఒక ఆప్షన్ ఎంచుకుని ముందుకు వెళ్లాల్సిందే.

పాస్ మార్కు ఎంతో సిస్కో బయటకు చెప్పదు. కాబట్టి "ఇన్ని మార్కులు వస్తే చాలు" అని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మొద్దు.

ఏ టాపిక్‌కు ఎంత వెయిటేజీ?

నెట్‌వర్క్ ఫండమెంటల్స్: 20 శాతం
నెట్‌వర్క్ యాక్సెస్ (వీల్యాన్, ట్రంక్, స్పానింగ్ ట్రీ, వైఫై): 20 శాతం
ఐపీ కనెక్టివిటీ (స్టాటిక్ రూటింగ్, ఓఎస్‌పీఎఫ్): 25 శాతం
ఐపీ సర్వీసెస్ (డీహెచ్‌సీపీ, నాట్, ఎన్‌టీపీ లాంటివి): 10 శాతం
సెక్యూరిటీ ఫండమెంటల్స్: 15 శాతం
ఆటోమేషన్, ప్రోగ్రామబిలిటీ: 10 శాతం

పై మూడింటికే 65 శాతం వెయిటేజీ ఉంది. ఇంటర్వ్యూల్లో అడిగేవి కూడా ఎక్కువగా అవే. అలాగని ఆటోమేషన్‌ను వదిలేయొద్దు. జేసన్ డేటా చదవడం, రెస్ట్ ఏపీఐ అంటే ఏంటో తెలుసుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. కోడింగ్ రానివాళ్లు కూడా వారం రోజుల్లో పట్టేయొచ్చు.

సబ్‌నెటింగ్.. భయపెట్టేది ఇదే, గట్టెక్కించేదీ ఇదే

సీసీఎన్‌ఏ మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాళ్లలో చాలామంది ఆగేది సబ్‌నెటింగ్ దగ్గరే. నిజానికి ఇది చిన్న లెక్క. ఒక ఉదాహరణ చూద్దాం.

192.168.10.77/26 అనే అడ్రస్ ఏ నెట్‌వర్క్‌లో ఉంది?

ఐపీ అడ్రస్‌లో మొత్తం 32 బిట్స్. అందులో 26 నెట్‌వర్క్‌కు పోతే మిగిలేవి 6. రెండును ఆరుసార్లు గుణిస్తే 64. అంటే ఒక్కో బ్లాక్‌లో 64 అడ్రస్‌లు. బ్లాక్‌లు 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయి. 77 అనేది 64కు, 128కి మధ్యలో ఉంది. కాబట్టి నెట్‌వర్క్ అడ్రస్ 192.168.10.64. తర్వాతి బ్లాక్‌కు ఒకటి ముందున్నది, అంటే 192.168.10.127, బ్రాడ్‌కాస్ట్ అడ్రస్. కంప్యూటర్లకు ఇవ్వగలిగేవి 65 నుంచి 126 వరకు, మొత్తం 62.

అంతే! ఊళ్లో వీధులు, ఇంటి నంబర్లు లాంటిదే ఇది. ఏ వీధి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిస్తే, ఇల్లు ఏ వీధిలో ఉందో చెప్పేయొచ్చు.

రోజూ పొద్దున్నే ఇలాంటివి పది లెక్కలు చేయండి. మొదట్లో ఒక్కోదానికి ఐదు నిమిషాలు పడుతుంది. నెల తిరిగేసరికి అర నిమిషంలో వచ్చేస్తుంది. ఎగ్జామ్‌లో సబ్‌నెటింగ్ మీద మిగిలిన ప్రతి నిమిషం ల్యాబ్ ప్రశ్నలకు ఉపయోగపడుతుంది.

ల్యాబ్ కోసం వేలు పెట్టాలా? అక్కర్లేదు

పాత రూటర్లు, స్విచ్‌లు కొనాలని కొందరు అనుకుంటారు. సీసీఎన్‌ఏ స్థాయికి ఆ ఖర్చు అవసరం లేదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో అకౌంట్ తెరిస్తే ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుతుంది. మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. రూటర్లు, స్విచ్‌లు, కంప్యూటర్లు స్క్రీన్ మీద పెట్టుకుని, కేబుల్ కలిపి, కమాండ్స్ కొట్టి చూసుకోవచ్చు.

మొదటి ల్యాబ్ ఇలా చేయండి. రెండు స్విచ్‌లు, ఒక రూటర్, నాలుగు కంప్యూటర్లు తీసుకోండి. వీల్యాన్ 10, వీల్యాన్ 20 క్రియేట్ చేయండి. ఒక్కోదానిలో రెండేసి కంప్యూటర్లు పెట్టండి. స్విచ్‌ల మధ్య ట్రంక్ పెట్టండి. ఇప్పుడు వీల్యాన్ 10లోని కంప్యూటర్ నుంచి వీల్యాన్ 20లోని కంప్యూటర్‌కు పింగ్ చేయండి. వెళ్లదు. అదే పైన అడిగిన ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు. ఒకే స్విచ్‌లో ఉన్నా రెండు వీల్యాన్లు రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లే. వాటి మధ్య ట్రాఫిక్ వెళ్లాలంటే రూటర్ గానీ, లేయర్ 3 స్విచ్ గానీ ఉండాలి. తర్వాత రూటర్‌లో సబ్ ఇంటర్‌ఫేస్‌లు కాన్ఫిగర్ చేసి, కంప్యూటర్లకు గేట్‌వే ఇచ్చి మళ్లీ పింగ్ చేయండి. ఈసారి వెళ్తుంది. ఇలా చేతులతో చేసింది ఇక మర్చిపోరు.

ల్యాబ్‌లో అందరూ చేసే తప్పులు

రూటర్ ఇంటర్‌ఫేస్‌కు ఐపీ ఇచ్చి "నో షట్‌డౌన్" కొట్టడం మర్చిపోతారు. రూటర్ పోర్టులు మొదట్లో ఆఫ్‌లోనే ఉంటాయి.

మొదటి పింగ్‌లో ఒక ప్యాకెట్ పోగానే ఏదో తప్పు జరిగిందని కంగారుపడతారు. అవతలి మెషీన్ మ్యాక్ అడ్రస్ కనుక్కునే ఏఆర్‌పీ పని జరిగేలోపు తొలి ప్యాకెట్ పోవడం మామూలే. మళ్లీ పింగ్ చేస్తే సరిపోతుంది.

యాక్సెస్ లిస్ట్ రాసి ఒక్క పర్మిట్ లైన్ కూడా ఇవ్వరు. ప్రతి లిస్ట్ చివర కనిపించని డినై ఒకటి ఉంటుంది. దాంతో మొత్తం ట్రాఫిక్ ఆగిపోతుంది.

ఓఎస్‌పీఎఫ్‌లో రెండు రూటర్లు నైబర్స్ కాకపోతే మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెడతారు. అలా వద్దు. ఏరియా నంబర్, సబ్‌నెట్ మాస్క్, హలో టైమర్, డెడ్ టైమర్ రెండు వైపులా ఒకటేనా కాదా చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

కంప్యూటర్‌కు 169.254తో మొదలయ్యే అడ్రస్ వస్తే ఆశ్చర్యపోతారు. డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి అడ్రస్ రాలేదని దాని అర్థం.

ఇక్కడే ఒక చిట్కా ఉంది. ల్యాబ్ వర్కవుట్ అయిపోగానే మూసేయకండి. మీరే కావాలని ఒక చోట పాడుచేయండి. లేదా ఫ్రెండ్‌కు ఇచ్చి పాడుచేయమనండి. తర్వాత "షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్", "షో వీల్యాన్ బ్రీఫ్", "షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్", "షో ఐపీ రూట్" కమాండ్స్‌తో తప్పెక్కడుందో పట్టుకోండి. ఉద్యోగంలో రోజూ చేసే పని అదే. అక్కడ నెట్‌వర్క్‌ను కొత్తగా కట్టే అవకాశం ఎప్పుడో వస్తుంది. పాడైంది బాగుచేయడం మాత్రం ప్రతి షిఫ్ట్‌లోనూ ఉంటుంది.

డంప్స్ ఎందుకు వద్దంటే..

నెట్‌వర్కింగ్ నేర్చుకునేవాళ్ల గ్రూపుల్లోకి వెళ్తే "లేటెస్ట్ డంప్స్, పాస్ గ్యారంటీ" అనే మెసేజ్‌లు తగులుతూనే ఉంటాయి. ఎగ్జామ్‌లో వచ్చిన ప్రశ్నలను దొంగతనంగా బయటకు తెచ్చి అమ్మేవే ఈ డంప్స్. ఫీజు ఎక్కువ కావడంతో, ఫెయిల్ అవుతామన్న భయంతో చాలామంది వీటివైపు వెళ్తారు. ఇంట్లో అప్పు చేసి ఇచ్చిన డబ్బు అయితే ఆ భయం ఇంకా ఎక్కువ. అది అర్థం చేసుకోదగ్గదే. కానీ నష్టం మాత్రం రెండింతలు ఉంటుంది.

ఒకటి, ఎగ్జామ్ మొదలయ్యే ముందే కాన్ఫిడెన్షియాలిటీ అగ్రిమెంట్‌కు ఒప్పుకోవాలి. దాన్ని ఉల్లంఘించినట్లు తేలితే సర్టిఫికెట్ రద్దు చేసే అధికారం, మళ్లీ రాయకుండా నిషేధించే అధికారం సిస్కోకు ఉంది. రెండు, డంప్స్‌లోని జవాబుల్లో తప్పులు ఉంటాయి. ప్రశ్నలో ఒక్క నంబర్ మారితే బట్టీ పట్టిన జవాబు పనికిరాదు.

ఒక ఉదాహరణ చూడండి. రూటింగ్ టేబుల్‌లో 10.0.0.0/8కు స్టాటిక్ రూట్ ఉంది. 10.1.1.0/24కు ఓఎస్‌పీఎఫ్ రూట్ ఉంది. 10.1.1.5కు వెళ్లే ప్యాకెట్ ఏ దారిలో పోతుంది? "స్టాటిక్ అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ 1, ఓఎస్‌పీఎఫ్‌ది 110, తక్కువ ఉన్నదే గెలుస్తుంది" అని బట్టీ పట్టినవాళ్లు స్టాటిక్ అంటారు. అది తప్పు. రూటర్ ముందు చూసేది ఎక్కువ బిట్స్ మ్యాచ్ అయిన రూట్‌ను. కాబట్టి /24 ఉన్న ఓఎస్‌పీఎఫ్ దారిలోనే పోతుంది. ఒకే నెట్‌వర్క్‌కు, ఒకే మాస్క్‌తో రెండు రూట్లు ఉన్నప్పుడే డిస్టెన్స్ లెక్కలోకి వస్తుంది. కాన్సెప్ట్ తెలిసినవాళ్లకు ఇది పది సెకన్ల ప్రశ్న.

ప్రాక్టీస్ టెస్టులు వేరు, డంప్స్ వేరు. పేరున్న పబ్లిషర్లు, ట్రైనర్లు సొంతంగా తయారు చేసిన మోడల్ ప్రశ్నలు ఎన్నైనా రాయండి. తప్పు వచ్చిన ప్రతి ప్రశ్నకు ఎందుకు తప్పో నోట్‌బుక్‌లో రాసుకోండి.

కోచింగ్ కావాలా? సొంతంగా చదవాలా?

హైదరాబాద్‌లో కోచింగ్ అనగానే అమీర్‌పేట గుర్తొస్తుంది. హాస్టల్‌లో ఉండి, క్లాసులకు వెళ్లి నేర్చుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. పట్టుబట్టి కూర్చోబెట్టేవాళ్లు కావాలనుకుంటే కోచింగ్ మంచిదే. అయితే చేరే ముందు రెండు ప్రశ్నలు అడగండి. సిలబస్ 200-301 లేటెస్ట్ వెర్షన్‌దేనా? ల్యాబ్ ఎన్ని గంటలు ఇస్తారు? రెండో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే ఆలోచించుకోవాల్సిందే. డెమో క్లాస్ వినకుండా మొత్తం ఫీజు ఒకేసారి కట్టొద్దు.

ఇంకో మాట. కోర్సుతో పాటు "ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా ఇప్పిస్తాం" అనేవాళ్లు తగిలితే వెంటనే దూరం జరగండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఫేక్ అని తేలితే వచ్చిన ఉద్యోగం కూడా పోతుంది. ఆ మచ్చ తర్వాతి ఉద్యోగాల దగ్గర కూడా వెంటాడుతుంది.

కోచింగ్‌కు డబ్బు లేనివాళ్లు నిరాశ పడక్కర్లేదు. ఒక మంచి పుస్తకం, ఒక పూర్తి వీడియో కోర్సు, ప్యాకెట్ ట్రేసర్.. ఈ మూడూ చాలు. నాలుగు కోర్సులు మొదలుపెట్టి ఏదీ పూర్తి చేయకపోవడమే అసలు ప్రమాదం.

రోజుకు రెండు గంటలు.. 16 వారాల ప్లాన్

1 నుంచి 4 వారాలు: ఓఎస్ఐ, టీసీపీ/ఐపీ మోడల్స్, ఈథర్‌నెట్, ఐపీవీ4, సబ్‌నెటింగ్, ఐపీవీ6.
5 నుంచి 7 వారాలు: వీల్యాన్, ట్రంక్, స్పానింగ్ ట్రీ, ఈథర్ చానల్, వైర్‌లెస్.
8 నుంచి 10 వారాలు: స్టాటిక్ రూటింగ్, ఓఎస్‌పీఎఫ్.
11, 12 వారాలు: డీహెచ్‌సీపీ, నాట్, ఎన్‌టీపీ, యాక్సెస్ లిస్టులు, ఎస్‌ఎస్‌హెచ్, పోర్ట్ సెక్యూరిటీ.
13వ వారం: ఆటోమేషన్, ఏపీఐ, ఏఐ బేసిక్స్.
14 నుంచి 16 వారాలు: రివిజన్, ప్రాక్టీస్ టెస్టులు, పాత ల్యాబ్‌లు చూడకుండా మళ్లీ చేయడం.

రెండు గంటల్లో కనీసం గంట ల్యాబ్‌కే ఇవ్వాలి. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు ఇంకో నెల అదనంగా పట్టొచ్చు. ఫర్వాలేదు. డేట్ మాత్రం ప్రాక్టీస్ టెస్టులు నిలకడగా బాగా వస్తున్నాయనిపించాకే బుక్ చేయండి.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు..

ఈ ఎగ్జామ్ తెలుగులో లేదు. ఇంగ్లిష్‌లోనే రాయాలి. అలాగని భయపడక్కర్లేదు. ఇక్కడ గ్రామర్ చూడరు. మళ్లీమళ్లీ వచ్చే టెక్నికల్ పదాలు కొన్ని వందలే ఉంటాయి. తెలుగు వీడియోలు చూసి కాన్సెప్ట్ అర్థం చేసుకోండి. అదే టాపిక్‌ను ఆ రోజే ఇంగ్లిష్ పుస్తకంలో ఒకసారి చదవండి. ప్రశ్న చదివేటప్పుడు రెండు ఆన్సర్లు ఎంచుకోమన్నారా, కానిది ఏది అని అడిగారా అనేది రెండుసార్లు చూసుకోండి. తెలిసిన ప్రశ్నలు కూడా తప్పేది అక్కడే.

పేరు దగ్గర జాగ్రత్త!

ఎగ్జామ్‌ను పియర్సన్ వీయూఈ ద్వారా బుక్ చేసుకోవాలి. సెంటర్‌కు వెళ్లి రాయొచ్చు, లేదా ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో రాయొచ్చు. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన పేరు, ఐడీ కార్డు మీద పేరు ఒకేలా ఉండాలి. మనవాళ్లకు ఇక్కడే చిక్కు వస్తుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటుంది. మీరు చూపించబోయే ఐడీలో ఎలా ఉందో అలాగే రిజిస్టర్ చేసుకోండి. ఏ ఐడీలు చెల్లుతాయో బుకింగ్ సమయంలోనే చదువుకోండి.

ఇంటి నుంచి రాసేవాళ్లు గదిలో ఒంటరిగా ఉండాలి. వెబ్‌క్యామ్ ఆన్‌లో ఉంటుంది. టేబుల్ మీద పుస్తకాలు, పేపర్లు ఉండకూడదు. మధ్యలో ఎవరైనా తలుపు తీసుకుని వచ్చినా ఎగ్జామ్ ఆపేసే ప్రమాదం ఉంది. కరెంట్ పోవడం, నెట్ కట్ అవడం మామూలైన చోట ఉంటే సెంటర్‌కు వెళ్లడమే మేలు.

ఫెయిల్ అయితే?

ఫెయిల్ అయితే ఐదు రోజులు ఆగి మళ్లీ రాయొచ్చు. కానీ రూల్ ఒప్పుకుంటోంది కదా అని ఆరో రోజే బుక్ చేయొద్దు. స్కోర్ రిపోర్ట్‌లో ఏ విభాగంలో ఎంత శాతం వచ్చిందో ఉంటుంది. తక్కువ వచ్చిన రెండు విభాగాలు తీసుకుని, వాటి ల్యాబ్‌లు మొదటి నుంచి చేయండి. నెల తర్వాత రాసినా నష్టం లేదు.

సర్టిఫికెట్ వస్తే ఉద్యోగం గ్యారంటీనా?

కాదు. సీసీఎన్‌ఏ ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుంది. లోపలికి వెళ్లాక మాట్లాడాల్సింది మీరే. ఫ్రెషర్లకు ఎక్కువగా నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్, అంటే నాక్‌లో, టెక్నికల్ సపోర్ట్‌లో, ఫీల్డ్ ఇంజినీర్‌గా అవకాశాలు ఉంటాయి. నైట్ షిఫ్టులు మామూలే. అర్ధరాత్రి రెండింటికి ఏదో బ్రాంచ్‌లో లింక్ డౌన్ అయిందని అలారం మోగితే, డంప్స్‌లో చదివిన ఆప్షన్ సి గుర్తొచ్చినా ఉపయోగం ఉండదు. కేబులా, పోర్టా, రూటింగా అని వరుసగా చూసుకుంటూ వెళ్లే అలవాటే కాపాడుతుంది.

ఆ అలవాటు ప్యాకెట్ ట్రేసర్‌లో ఫ్రీగానే వస్తుంది. అందుకే ముందు ల్యాబ్.. ఆ తర్వాతే ఫీజు!